సీటు ఇంకా రాలేదని కట్టిన ఫ్లెక్సీ

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది జూన్‌లో, కర్నూలులోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా ఉన్న నన్ను ప్రిన్సిపాల్‌గారు పిలిచి ఒక ఆర్డరు చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి నేను కెరీర్ గైడెన్స్ విభాగానికి కోఆర్డినేటర్‌ని. జీతం పెరగలేదు, క్లాసులు తగ్గలేదు. లైబ్రరీ వెనక ఒక గది, ఒక పాత కంప్యూటరు, తిరిగేదానికన్నా ఎక్కువ మొత్తుకునే ఒక ఫ్యాను మాత్రం అదనంగా వచ్చాయి. మాది ప్రొద్దుటూరు. కడప జిల్లా మనిషి, పైగా లెక్కల మనిషి అని పిల్లలు నా గదిలోకి రావడానికి ముందు గుమ్మం దగ్గర ఒకరినొకరు తోసుకునేవాళ్లు. రిటైరయ్యేదాకా ఆ గది నా దగ్గరే ఉంది.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో సలహా అడిగేవాళ్లు. పేరున్న బిజినెస్ స్కూళ్లలో ఎంబీఏ చేయాలని వచ్చేవాళ్లు ఏడాదికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లతోనే నాకు పని ఎక్కువ. ఎందుకంటే మా వైపు పిల్లలకూ తల్లిదండ్రులకూ తెలిసిన అడ్మిషన్ పద్ధతి ఒకటే, ఎంసెట్ పద్ధతి. పరీక్ష రాస్తారు, ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగుకు పిలుస్తారు, ఆప్షన్లు పెట్టుకుంటే ఏదో ఒక కాలేజీ ఇస్తారు. పిలుపు వచ్చిందంటే సీటు వచ్చినట్టే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నదొక్కటే తేలాలి.

పెద్ద బిజినెస్ స్కూళ్ల వ్యవహారం వేరు. క్యాట్ లాంటి పరీక్ష రాస్తే వచ్చేది పర్సెంటైల్. అది మార్కుల శాతం కాదు, పరీక్ష రాసినవాళ్లలో వందకు ఎంతమంది మన వెనక ఉన్నారో చెప్పే అంకె. ఆ అంకెతో బాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం, రిజర్వేషన్ వర్గం అన్నీ కలిపి ఒక్కో స్కూలు తన లెక్క తను వేసుకుంటుంది. ఆ లెక్కలో నెగ్గినవాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తుంది. ఒక్కో సీటుకు చాలామందిని పిలుస్తుంది. అంటే పిలుపు వచ్చిన తర్వాతే అసలు పోటీ మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నా గొంతు ఎన్నిసార్లు ఎండిపోయిందో!

పిల్లల అవకాశాలు అంచనా వేయడానికి నాకొక పద్ధతి ఉండేది. బోర్డు మీద మూడు గళ్లు గీసేదాన్ని. మొదటిది ‘ఆశ’, రెండోది ‘అవకాశం’, మూడోది ‘ఆసరా’. ఒక్కో పిల్లవాడి మార్కులు, పర్సెంటైల్, మాట్లాడే తీరు చూసి, వాడికి పిలుపు వచ్చిన స్కూళ్లను ఈ గళ్లలో పంచేదాన్ని. ఆసరా గడిలో కనీసం ఒక్కటైనా లేకపోతే గదిలోంచి కదలనిచ్చేదాన్ని కాదు. శాతాలు చెప్తే ఎవరికీ ఎక్కదు కాబట్టి ‘పదిలో ఎన్ని’ అని చెప్పేదాన్ని. ఇదే మనిషి ఇదే ఇంటర్వ్యూకు పదిసార్లు పోతే ఎన్నిసార్లు సీటు వస్తుంది అని. ఈ జబ్బు ఇంటికి కూడా పాకింది. మా ఆయన కంచం ముందు కూర్చుని, ఈ రోజు చారులో ఉప్పు పడి ఉండే అవకాశం పదిలో ఎన్ని అని అడిగేవారు.

శివలీల బీకాం ఆఖరి సంవత్సరం పిల్ల. ఎమ్మిగనూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది. తండ్రి ఈరన్న నేతగాడు, ఇంట్లోనే రెండు మగ్గాలు. ఆ పిల్ల తక్కువ మాట్లాడేది, కానీ మాట్లాడిన మాటకు మధ్యలో నీళ్లు కలిపేది కాదు. కోచింగు లేకుండా, మా గదిలోని పాత పుస్తకాలతో, హాస్టల్లో అందరూ సీరియల్ చూసే వేళ ప్రాక్టీసు చేసి క్యాట్ రాసింది. పర్సెంటైల్ తొంభై దాటింది. ఫలితం చూసిన రోజు నేను ఆ పాత కంప్యూటర్ని ముద్దుపెట్టుకున్నంత పని చేశాను. సంతోషం దాచుకోవడం నాకు చేతకాదు.

నాలుగు చోట్ల నుంచి ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. అందులో ఒకటి దేశమంతా పేరున్న స్కూలు. ఓబీసీ సర్టిఫికెట్టు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరం తేదీతో ఉండాలి. రాష్ట్ర నమూనాలోది తెచ్చి గేటు దగ్గర నిలబడి ఏడ్చినవాళ్లను చూశాను కాబట్టి ముందు మీసేవకు పంపి అది తెప్పించాను. తర్వాత బోర్డు మీద గళ్లు గీశాను. పెద్ద స్కూలు ‘ఆశ’, పదిలో రెండు. మధ్యరకం స్కూళ్లు రెండు ‘అవకాశం’, పదిలో అయిదు చొప్పున. హైదరాబాదులోని ఒక స్కూలు ‘ఆసరా’, పదిలో ఎనిమిది. శివలీల బోర్డుకేసి చూసి, రెండు అంటే తక్కువేం కాదు మేడం అంది. తక్కువే, కానీ సున్నా కాదు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మరుసటి వారం నుంచి నమూనా ఇంటర్వ్యూలు పెట్టుకుందామని, ముందు ఇంటికి పోయి నాలుగు రోజులు ఉండి రమ్మని పంపించాను.

ఆ పోయిన పిల్ల తిరిగి రాలేదు. నమూనా ఇంటర్వ్యూకు రాలేదు, ఫోన్ తీయలేదు. ఆసరా అనుకున్న హైదరాబాదు స్కూలు ఇంటర్వ్యూ ఆ శనివారం ఉంది. దానికీ పోలేదు. జ్వరమేమో అనుకుని ఆదోని నుంచి వచ్చే ఆమె స్నేహితురాల్ని అడిగితే, ఆ అమ్మాయి నన్నే వింతగా చూసింది. “శివలీలకు సీటొచ్చింది గదా మేడం. ఎమ్మిగనూరు బస్టాండు కాడ ఫ్లెక్సీ కూడా కట్టినారు” అంది.

ఆదివారం పొద్దున్నే కోడుమూరు మీదుగా పోయే బస్సెక్కాను. ఆదివారం బస్సెక్కడం నాకు బొత్తిగా గిట్టని పని. దారి పొడుగునా ఎవర్ని తిట్టాలో తెలియక అందర్నీ తిట్టుకున్నాను. బస్సు దిగగానే ఎదురుగా ఫ్లెక్సీ. ‘ఎంబీఏ సీటు సాధించి మన ఎమ్మిగనూరు కీర్తిని దేశమంతా చాటిన మా మేనకోడలు శివలీలకు శుభాకాంక్షలు’ అని పసుప్పచ్చ అక్షరాలు. పైన వరసగా నాయకుల ఫోటోలు. కింద నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి నిలువెత్తున ఒక మనిషి. శివలీల కోసం వెతికితే ఒక మూల హాల్‌టికెట్టు ఫోటో కనిపించింది. కోపంతో వచ్చినదాన్ని నవ్వు ఆపుకోలేక అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాను.

నల్లకళ్లద్దాల మనిషి శివలీల మేనమామ రంగస్వామి. బస్టాండు పక్కనే సెల్‌ఫోన్ల కొట్టు. మనిషి వెన్నలాంటివాడు, తొందర మాత్రం ఎక్కువ. మేనకోడలికి పెద్ద కాలేజీ నుంచి పిలుపు వచ్చిందని చెల్లెలు చెప్పీ చెప్పకముందే ప్రింటింగుకు ఇచ్చేశాడు. నన్ను ఇంటికి తీసుకుపోయింది కూడా అతనే. దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ శివలీలను చదివించిన మేడం అని పరిచయం చేస్తూ పోయాడు. వాళ్లంతా నాకు నమస్కారాలు పెడుతున్నారు. ఇంత సంతోషం మీద నీళ్లు పోయాల్సింది నేనే.

ఈరన్న మగ్గం మీద ఉన్నాడు. నన్ను చూసి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, కూర్చోమన్నాడు. ఆయన భార్య బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. శివలీల గోడకానుకుని నిలబడి ఉంది, నా మొహం చూడదు. హైదరాబాదు ఎందుకు పోలేదని అడిగాను. అక్కడి నుంచే చెప్పింది.

“బస్టాండులో నిలబడితే అందరూ అడుగుతారు మేడం. సీటొచ్చింది గదా, మళ్లీ యాడికి పోతాండావు అని. ఏమని చెప్పాల? సీటు రాలేదంటే మామ అబద్ధమాడినాడంటారు. వచ్చిందంటే నేను అబద్ధమాడినట్ల.”

అప్పుడు అర్థమైంది నాకు. ఒక ఫ్లెక్సీ వల్ల ఆసరా గడి ఖాళీ అయిపోయింది. వచ్చే పది పన్నెండు రోజుల్లో ఉన్న రెండు ‘అవకాశం’ ఇంటర్వ్యూలూ పోతే, ఆ పిల్ల ఏడాది కష్టం మొత్తం పదిలో రెండు మీద నిలబడుతుంది.

రంగస్వామికి ఇదేమీ తలకెక్కడం లేదు. “పిలుపొచ్చినాక సీటు రాకుండా యాడికి పోతాది మేడం? మా అన్న కొడుకును కౌన్సెలింగుకు పిలిచినారు, ఇచ్చినారు గదా” అన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ కుటుంబంలో అప్పటిదాకా ఎవరికి పిలుపు వచ్చినా సీటు వచ్చింది.

మగ్గం పక్కన బుట్టలో నూలు చుట్టిన కండెలు ఉన్నాయి. పది కండెలు తీసి నేల మీద వరసగా పెట్టాను. పాప ఈ పెద్ద కాలేజీకి పదిసార్లు పోయిందనుకోండి అని చెప్పి, రెండు కండెలు ఇవతలికి జరిపాను. ఇవి సీటు వచ్చిన సార్లు. ఈరన్న మిగిలిన వాటికేసి చూశాడు. ఎనిమిది సార్లు రాదు అన్నమాట అన్నాడు. అవునన్నాను. మధ్యరకం కాలేజీలకు అయిదు ఇటు, అయిదు అటు పెట్టి చూపించాను. ఈ లెక్క పాపకు తెలుసా అని అడిగాడు. మొదటిరోజే తెలుసన్నాను. ఆయన కూతురివైపు తిరిగి, మాకెందుకు చెప్పలేదు అని అడిగాడు. ఆమె మెల్లగా, చెప్పేలోపల ఫ్లెక్సీ కట్టేసినారు నాయనా అంది.

రంగస్వామి మొహం చూడాలి అప్పుడు. పాపం, అంత పెద్ద మనిషీ అంతకంతకూ కుంచించుకుపోయాడు. చీకటి పడినాక ఎవరూ చూడకుండా తీసేస్తానన్నాడు. అదే మంచిదని నాకూ అనిపించింది. ఈరన్న ఒప్పుకోలేదు.

“చెప్పకుండా తీసేస్తే సీటు పోయిందంటారప్పా. ఇంగా గలీజు అవుతాది. పోగు తెగితే మగ్గం ఆపి ముడేసుకుంటాం గదా, ఇదీ అంతే. కట్టిన సోటే ఇంగోటి కట్టు. ఉండేది ఉండేటట్టు రాయించు.”

“సీటు రాలేదని యాడన్నా ఫ్లెక్సీ కడతారా బావా?” అన్నాడు రంగస్వామి.

“రాలేదని గాదు. ఇంగా రాలేదని.”

ఆ ఇంట్లోనే కూర్చుని వాక్యాలు తయారుచేశాం. ప్రింటింగు షాపువాడు మూడుసార్లు ఫోన్ చేసి, తప్పు పడిందేమో చూసుకోండన్నా అని అడిగాడట. మొదటి ఫ్లెక్సీలో ఉన్న నాయకుల మనుషులు, ‘రాలేదు’ అన్న మాట పక్కన మా అన్న ఫోటో వద్దని కబురు పెట్టారట. అందువల్ల రెండోది ఫోటోలు లేకుండా పెద్ద అక్షరాలతో తయారైంది. ‘సవరణ. శివలీలకు ఇంటర్వ్యూకు పిలుపు మాత్రమే వచ్చింది. సీటు ఇంకా రాలేదు. వేరే కాలేజీల ఇంటర్వ్యూలకు కూడా పోతా ఉంది. వస్తే చెప్తాం, రాకపోయినా చెప్తాం. ఇట్లు, తండ్రి ఈరన్న.’ కింద చిన్న అక్షరాల్లో ‘తొందరపడిన మేనమామ రంగస్వామి’ అని ఉంది. ఆ మాట అతను తనంతట తాను చేర్పించుకున్నాడు. ఆ ఫ్లెక్సీని ఫోటో తీసి నా ఫోన్‌కు పంపినప్పుడు ఆ మనిషి మీద నాకున్న కోపమంతా ఎగిరిపోయింది.

రెండు రోజులు ఊరు నవ్విందట. బస్సు దిగినవాళ్లు నిలబడి చదివి, పక్కవాళ్లకు చదివి వినిపించారట. మూడో రోజు నుంచి శివలీల సంచి తగిలించుకుని బస్టాండుకు వస్తే, ఈ రోజు ఏ కాలేజీకి పోతాండావమ్మా అని టీ కొట్టాయన, బాగా మాట్లాడు పాపా అని కండక్టరు అనడం మొదలుపెట్టారు. దాచాల్సింది ఏమీ లేకపోయేసరికి ఆ పిల్ల నడకే మారింది. కర్నూలుకు తిరిగి వచ్చి నమూనా ఇంటర్వ్యూలకు కూర్చుంది. ఎకనామిక్స్ లెక్చరర్, నేను, ఇంగ్లీషు మేడం ముగ్గురం ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల్లా కూర్చుని ఏ మాత్రం దయ లేకుండా ప్రశ్నలు వేశాం. ఇంగ్లీషులో తడబడితే తడబడు, తెలియనిది తెలుసని మాత్రం అనకు అని చెప్పాను. మీ నాన్న ఫ్లెక్సీలాగా మాట్లాడు చాలు అన్నాను.

మధ్యరకం స్కూళ్లలో మొదటిదాంట్లో ఇంటర్వ్యూ పొడిపొడిగా సాగింది. రెండోదాంట్లో మీ ఊరి గురించి చెప్పమన్నారట. చేనేత గురించి చెప్తూ చెప్తూ, ప్రచారం అన్న మాట రాగానే ఆ రెండు ఫ్లెక్సీల కథ చెప్పేసింది. బోర్డులో ముగ్గురూ నవ్వారట. ఒక ప్రొఫెసరు, ఆ రెండింట్లో ఏది బాగా పనిచేసింది అని అడిగాడు. మొదటిదాన్ని అందరూ చూసి పోయినారు సార్, రెండోదాన్ని నిలబడి చదివినారు అని చెప్పిందట ఈమె. తర్వాత ఇరవై నిమిషాలు మార్కెటింగ్ గురించే మాట్లాడుకున్నారు. నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్తుంటే, మేము నేర్పిన జవాబుల్లో ఒక్కటీ వాడలేదు కదా అని నేను దెప్పాను. లోపల మాత్రం శానా గర్వపడ్డాను. ఆ మాట ఇప్పుడు చెప్తున్నాను.

పెద్ద స్కూలు ఇంటర్వ్యూకు కూడా పోయి వచ్చాక, మే నెలలో ఫలితాలు వచ్చాయి. మొదటి మధ్యరకం స్కూలు లేదంది. రెండోది సీటు ఇచ్చింది. పెద్ద స్కూలు వెయిటింగ్ లిస్టులో పెట్టింది. వెయిటింగ్ లిస్టు అంటే, సీటు వచ్చినవాళ్లలో కొందరు వేరేచోట చేరిపోతే ఆ ఖాళీలకు వరసగా పిలుస్తారు. ఎంతదాకా పిలుస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు. చిక్కు ఎక్కడంటే, సీటు ఇచ్చిన స్కూల్లో చేరడానికి గడువు ముందు, వెయిటింగ్ లిస్టు కదిలేది తర్వాత. చేరితే తిరిగి ఇవ్వని ఫీజు కట్టాలి. కట్టాక పెద్ద స్కూలు పిలిచినా పోవడం ఆ ఇంటికి సాధ్యం కాదు. అంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

శివలీల, ఈరన్న ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు. తండ్రి మా కాలేజీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఫ్యాను కేసి ఒకసారి చూసి, దానికి కొంచెం నూనె పడాల మేడం అన్నాడు. అంతకుముందు ఏళ్లలో ఆ లిస్టు ఎంతదాకా కదిలిందో నాకు తెలిసినంత చూసి, పదిలో మూడు అని చెప్పాను. పెద్ద స్కూలు పేరు జీవితాంతం పనికొస్తుందని కూడా చెప్పాను, ఎందుకంటే అదీ నిజమే. ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఈరన్న కూతురికేసి చూశాడు, నీ ఇష్టం అన్నట్టు.

“పదిసార్లు పోతే మూడుసార్లు అంటాండారు మేడం. నేను పోయేది ఒకసారే గదా,” అంది శివలీల. “వచ్చిన కాలేజీకే పోతా. దీని ఇంటర్వ్యూలోనే నేను బాగా మాట్లాడినా.”

ఆ సాయంత్రమే అంగీకారం పంపించింది. ఇచ్చిన మాట ప్రకారం ఎమ్మిగనూరులో మూడో ఫ్లెక్సీ లేచింది. సీటు వచ్చిన కాలేజీ పేరు, రాని కాలేజీల సంగతి రెండూ రాయించారు. నాయకుల ఫోటోలు మళ్లీ పైకెక్కాయి. ఈసారి శివలీల ఫోటో అందరికన్నా పెద్దదిగా వేయించానని రంగస్వామి నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పెద్ద స్కూలు వెయిటింగ్ లిస్టు ఆమె నంబరు దాకా రాలేదు. వచ్చి ఉన్నా ఆ రోజు ఆమె చేసింది సరైన పనే అని నేను పాఠం చెప్పేటప్పుడు చెప్పేదాన్ని. నిర్ణయాన్ని అప్పటికి తెలిసినదాంతో తూచాలి, తర్వాత జరిగినదాంతో కాదు.

ఈ ఉదంతం తర్వాత నా పద్ధతిలో ఒక్క మార్పు చేశాను. బోర్డు మీద మూడు గళ్లు గీసే రోజున ఇంట్లోవాళ్లు ఒక్కరైనా వచ్చి పక్కన కూర్చోవాలన్నాను. రాలేనివాళ్లతో ఫోన్‌లోనైనా మాట్లాడి, పదిలో ఎన్నో, రాకపోతే తర్వాత ఏం చేయాలో వాళ్లు నాకు తిరిగి చెప్పేదాకా వదిలేదాన్ని కాదు. ఇంటర్వ్యూకు పోయేది ఒక్కరే. సీటు రాకపోతే వీధిలో జవాబు చెప్పుకోవాల్సింది ఇంటిల్లిపాదీ. ఆ అంకె వాళ్లందరికీ ముందే తెలియాలి.